పింజ వీరాంజనేయులు కొన్న సైకిలు

వీరాంజనేయులు సైకిలుని కూడా పత్తిని చూసినట్టే చూశాడు. అంటే కళ్ళతో కాదు, చేత్తో. చక్రం ఊచని గోరుతో మీటి చెవి ఒగ్గాడు. టైరుని బొటనవేలితో నొక్కాడు. సీటుని పిడికిలితో ఒకటి గుద్దాడు. చివరికి నడిమి గొట్టం కింద చెయ్యి పెట్టి అమాంతం పైకెత్తి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు గాల్లో ఊపాడు.

"ఇదే," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "కొట్టు మొత్తానికి ఇదే తేలిక. దీన్ని సిద్ధం చెయ్యమ్మా."

కొట్టు నస్రత్‌ది. గుంటూరు లాలాపేటలో వాళ్ళ నాన్న పంచర్లు వేసిన చోటే ఇప్పుడు అద్దాల తలుపులు పెట్టి, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్ళ రోడ్డు సైకిళ్ళు అమ్ముతోంది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల. చున్నీ నడుముకి బిగించి, నూనె గుడ్డ భుజాన వేసుకుని నిలబడిందంటే ఎంత మొండి బోల్టయినా దారికి రావలసిందే.

"తేలికే సార్. కానీ మీ సైజు కాదు," అందామె.

"సైకిలుకి సైజేంటి? సీటు దించితే సరి."

"సీటు దిగుద్ది. హ్యాండిలు దగ్గరికి రాదుగా. మీరు ఐదున్నర అడుగులు కూడా లేరు. అది ఆరడుగుల మనిషికి చేసింది. ఇటు రండి, గోడకి ఆనుకుని నిలబడండి, కొలత తీస్తాను. రోజూ ఎంత దూరం తొక్కుతారు?"

"ప్రత్తిపాడు దారిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు. పోను పదహారు కిలోమీటర్లు, రాను పదహారు. ఆదివారాలు మా అమ్మాయి వాళ్ళతో కొండవీడు."

"అయితే ఇది చూడండి," అంటూ మూలనున్న ఆకుపచ్చ సైకిలుని నడిపించుకొచ్చింది. "మీ పొడవుకి సరిపోద్ది. టైర్లు కాస్త లావు, లారీలు తిరిగే రోడ్డుకి అవే మంచివి. మడ్‌గార్డులు పడతాయి, వెనక సంచీ కట్టుకోవచ్చు. అన్నిటికంటే ముందు, మీ చేతుల మీద బరువు పడదు. ఒక్కసారి ఎక్కి కూర్చోండి సార్."

వీరాంజనేయులు ఎక్కలేదు. దాన్నీ ఒంటిచేత్తో లేపి చూసి, పెదవి విరిచి, దించేశాడు. "కిలోన్నర ఎక్కువ," అన్నాడు. నస్రత్‌కి అనుమానమొచ్చి రెంటినీ కాటా కొక్కేనికి తగిలించి చూసింది. తేడా కిలో నాలుగువందల డెబ్భై. ఆ పిల్ల కూడా ఒక్క క్షణం నోరెళ్ళబెట్టింది.

మరి ఊరికే అన్నారా ఆయన్ని పింజ వీరాంజనేయులని! పత్తి గింజ మీది దూది ఒలిచి, రెండు చేతుల బొటనవేళ్ళకీ చూపుడువేళ్ళకీ మధ్య పట్టి లాగితే వచ్చే పోగుల కుచ్చుని పింజ అంటారు. అది పొడుగ్గా, గట్టిగా వస్తే మొదటి రకం. కురచగా వస్తే రెండో రకం. ఇరవై రెండేళ్ళుగా మిల్లు కాటా దగ్గర కూర్చుని, తొడ మీద నల్లగుడ్డ పరుచుకుని, వచ్చిన ప్రతి రైతు పత్తినీ ఆయన అలా లాగి చెబుతున్నాడు. స్కేలు పెట్టి సరిచూద్దామనుకున్న వాళ్ళంతా ఒక్కసారి చూసి, నవ్వుకుని, స్కేలు జేబులో పెట్టుకున్నవాళ్ళే. అందుకే ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటు నిలిచిపోయింది. వీరాంజనేయులు ఒకసారి లాగాక మళ్ళీ లాగడం ఉండదు. రైతు అడగడు, మిల్లూ అడగదు.

అలాంటి మనిషిని గోడకి ఆనుకో, కాళ్ళు కొలుస్తాను అంటే వింటాడా? పైగా సైకిలు సంగతి ఎత్తింది కూతురు భవ్య. మంగళగిరిలో ఆఫీసు పని చేస్తుంది, ఆదివారం పూట స్నేహితులతో సైకిలెక్కి తిరుగుతుంది. పత్తి గుట్ట ఎక్కి దిగేసరికి నాన్నకి ఆయాసమొస్తోందని కనిపెట్టి, స్కూటరు పక్కన పెట్టమని పోరింది. కొట్టుకి తనూ వస్తానంది. "సైకిలు ఎంచడం నాకు నువ్వు నేర్పుతావా?" అని ఆ పిల్లని ఇంట్లోనే ఆపేసి వచ్చాడు. ఇప్పుడిక్కడ ఇంకో పిల్ల!

"అమ్మాయ్, బుద్ధెరిగాక నా చెయ్యి నన్ను మోసం చెయ్యలేదు," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"చెయ్యి గొప్పదే సార్. తొక్కేది మాత్రం మనిషంతా కదా," అంది నస్రత్. ఇంక వాదించలేదు. సీటు ఎంత దిగుతుందో అంతా దించి, బ్రేకులు సరిచేసి, గాలి కొట్టి ఇచ్చింది. గడప దాటుతుంటే మాత్రం వెనకనుంచి అంది: "చేతులు తిమ్మిరెక్కితే మొండికెయ్యకండి. వెంటనే రండి."

ఆయన అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

*

తిరగడం మాత్రం మహారాజులా తిరిగాడు. అబ్బ, ఏం పరుగది! శుక్రవారం పొద్దున్నే కొరిటెపాడులో ఇల్లు కదిలిన మనిషి, పాలవాళ్ళని దాటుకుని, ఊరు దాటి, రెండు పక్కలా పత్తిచేల మధ్య పడేసరికి పాతికేళ్ళు వెనక్కి పోయినట్టే అనిపించింది. చేలల్లో కాయలు పగిలి తెల్లగా ఉన్నాయి. మిరపతోటలు ఇంకా పచ్చి మీదే ఉన్నాయి. స్కూటరు మీద ఇన్నేళ్ళు తిరిగినా కనబడని పిల్లకాలవ ఒకటి కనబడింది. మిల్లు గేటు దగ్గర దిగుతుంటే హమాలీలు చుట్టూ మూగారు. ఆయన ఒంటిచేత్తో సైకిలెత్తి చూపించాడు. ఒకడు ఎత్తబోయి, బరువెక్కువ ఉంటుందనుకుని బలం పట్టి, వెనక్కి తూలాడు. అందరూ పగలబడి నవ్వారు.

అరచేతులు మండాయి. అది ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం కొండవీడు. గుంటూరు నుంచి భవ్య జట్టు ఆరుగురు, ఈయన ఏడు. ఘాట్ రోడ్డు వంపుల్లో కుర్రాళ్ళు ఇద్దరు దిగి నడిపించుకుంటుంటే వీరాంజనేయులు దిగలేదు. పళ్ళు బిగించి, హ్యాండిలు మీద పడుకున్నంత పనిచేసి ఎక్కేశాడు. భవ్య పక్కకొచ్చింది.

"నాన్నా, చేతులు మరీ చాచేస్తున్నావు. భారమంతా అరచేతుల మీదే పడుతోంది. ఈ సైకిలు నీకు పొడవైపోయింది."

"నువ్వు ముందు చూసి తొక్కు."

"కొలిపించుకున్నావా అసలు?"

"తూకం చూశాను."

భవ్య తల అడ్డంగా ఊపి ముందుకి తొక్కింది. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే మజ్జిగ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపడింది. చిటికెనవేలూ ఉంగరంవేలూ చీమలు పాకుతున్నట్టున్నాయి. కొత్తలో అంతేలే అనుకుని, కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాడు.

*

సోమవారం కోటిరత్నం వచ్చింది.

గొట్టిపాడు అవతల ఐదెకరాలు కౌలుకి చేస్తుంది కోటిరత్నం. యాభై దాటిన మనిషి. ఆమె పత్తి అంటే కాటా దగ్గర అందరికీ గౌరవమే. మంచు ఆరేదాకా చేలోకి దిగదు. ఎండుటాకు ముక్క అంటితే అక్కడికక్కడే ఏరేస్తుంది. తీతకి వచ్చిన కూలీల ఒళ్ళు కూడా తనే దులిపించి చూస్తుందని చెప్పుకుంటారు. ఆ రోజు ట్రాక్టరులో పత్తి కూరిన ఇరవైరెండు గోనె బోరాలు వేసుకుని, తనే వాటి మీదెక్కి కూర్చుని వచ్చింది.

వీరాంజనేయులు ఒక బోరాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు తీశాడు. గింజ ఒలిచాడు. నల్లగుడ్డ సర్దుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ బిగించి లాగాడు. కుచ్చు మధ్యలోనే విడిపోయింది. నల్లగుడ్డ మీద కురచగా పడింది.

ఇంకో బోరా. అదీ కురచే. ఇంకోటి. ఆయనకే ఆశ్చర్యమేసింది. కానీ చేతిలో కనబడుతున్నదాన్ని కాదనడం ఆయనకి అలవాటు లేదు.

"కురచ పింజ అక్కా. రెండో రకం," అన్నాడు.

కోటిరత్నం ముందు నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఏందయ్యా ఆ మాట? నా పత్తి రెండో రకమా? ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా అయిందా? అదే విత్తనం, అదే చేను. సరిగా చూశావా?"

"చూశాను."

"మళ్ళీ లాగు."

కాటా చుట్టూ ఉన్నవాళ్ళంతా చేస్తున్న పని ఆపి ఇటు తిరిగారు. ఆ మాట అక్కడ ఎవరూ అనరు. వీరాంజనేయులి చెవులు ఎర్రబడ్డాయి.

"రెండోసారి లాగడం లేదక్కా. నీకు తెలుసు."

"తెలుసు. నువ్వంటే ఉన్న మర్యాదకి ఇన్నేళ్ళు అడగలా. ఇయ్యాళ అడుగుతున్నా."

"లేదన్నానుగా."

కోటిరత్నం బోరాల మూతులు తనే మళ్ళీ బిగించింది. ఒక్కొక్క ముడినీ తాడు వేళ్ళలో దిగేలా లాగి కట్టింది. ఏడవలేదు. ఏడిస్తే ఆయనకి కాస్త తేలికయ్యేది. ట్రాక్టరు డ్రైవరుని తిప్పమంది. గేటు దగ్గర ఆపించి, అందరూ వినేట్టే అరిచింది:

"నా ఇంట్లో కుళ్ళనన్నా కుళ్ళబెట్టుకుంటా గానీ రెండో రకమని అమ్మను. రేపు ఏ మిల్లుకి పోయినా వీరాంజనేయులు కాదన్న పత్తంట అంటారు. అంత పని చేశావయ్యా నువ్వు!"

అది నిజమే. ఆయన కాదన్న పత్తిని చుట్టుపక్కల ఏ కాటా దగ్గరా మొదటి రకంలో వేయరు. ఆయన మాట అంత దూరం పోతుంది మరి.

మంగళవారం నలుగురు రైతులు వచ్చారు. నలుగురిదీ కురచే. వాళ్ళు కోటిరత్నంలా తిరగబడలేదు, తలవంచుకుని రెండో రకం గుట్ట దగ్గర బోరాలు దించి వెళ్ళిపోయారు. "ఈ ఏడు పంటలోనే ఏదో తేడా ఉంది," అన్నాడు వీరాంజనేయులు, అడక్కుండానే. మిల్లు యజమాని శ్రీకృష్ణ ముప్పై ఐదేళ్ళవాడు, నాన్న చేతి నుంచి మిల్లు తీసుకుని రెండేళ్ళయింది. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"తేడా ఏముంది లెండి ఆంజనేయులు గారూ. ఇన్నాళ్ళకి మీ వేళ్ళు మన మిల్లు పక్షాన చేరాయి," అని కన్నుగీటాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఎవరూ అంత మాట అనలేదు. అన్నం సయించలేదు.

*

బుధవారం సాయంత్రం మిల్లు నుంచి వస్తుంటే గుంటూరు మొదట్లో రోడ్డు పక్క ఆగిన ట్రాక్టరు మీదికి దాదాపు దూసుకుపోయాడు. బ్రేకు పట్టాడు, పట్టాననుకున్నాడు, వేళ్ళు మడతపడలేదు. కాళ్ళు నేలకి ఈడ్చుకుంటూ, మడమలు గీరుకుని, జానెడు దూరంలో ఆగాడు. అక్కడ్నుంచి సైకిలు నడిపించుకుంటూ లాలాపేట దాకా వెళ్ళాడు.

నస్రత్ చక్రం విప్పదీసి ఊచలు సరిచేస్తోంది. తలెత్తి ఆయన్ని కాదు, ఆయన చేతుల్ని చూసింది.

"ఎన్నాళ్ళయింది సార్?"

"ఏంటి?"

"తిమ్మిరి."

నస్రత్ స్టూలు జరిపి కూర్చోమంది. ట్యూబు డబ్బాలోంచి ఒక కాగితం ముక్క తీసి ఆయన కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి. నేను లాగుతాను. వదలకండి."

వీరాంజనేయులు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాననుకున్నాడు. ఆ పిల్ల రెండు వేళ్ళతో మెల్లగా, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు లాగేసింది. ఇంకోసారి. మళ్ళీ అంతే. ఎడమచెయ్యి కాస్త నయం.

"అరచెయ్యి కింద, మణికట్టు దగ్గర నరం నలుగుద్ది సార్, చేతులు చాచి బరువంతా వాటి మీదేస్తే. చిటికెనవేలు తిమ్మిరని మనం అనుకుంటాం గానీ, చిటికెడు పట్టే బలం కూడా అదే లాగేసుద్ది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఇట్టాగే వస్తారు. తాళంచెవి తిప్పలేకపోతున్నాం అంటారు, పెన్ను పట్టలేకపోతున్నాం అంటారు. మీరేం చేస్తారు సార్ చేతుల్తో?"

వీరాంజనేయులు ఆ పిల్ల వేళ్ళ మధ్యనున్న కాగితం ముక్కని చూశాడు. పింజ తెగలేదు. పింజ కురచా కాదు. తన పట్టే జారింది. పట్టు జారితే పోగులు పూర్తిగా సాగకుండానే వేళ్ళలోంచి జారిపోతాయి, కుచ్చు కురచగా పడుతుంది. కోటిరత్నం బోరాలు కడుతున్నప్పటి చేతులు కళ్ళ ముందు కదిలాయి. మంగళవారం తలలు వంచుకుని వెళ్ళిన నలుగురు. ఆ కన్నుగీటు.

"పింజ లాగుతానమ్మా," అన్నాడు. ఆ తర్వాత సోమవారం జరిగిందంతా, దాచకుండా, ఆ పిల్లకి చెప్పాడు.

నస్రత్ అయ్యో అనలేదు. నేను చెప్పానుగా అనలేదు. అందుకే ఆయనకి ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. "వేళ్ళు వస్తాయి సార్. వారమో, రెండు వారాలో. రేపు డాక్టరుకి కూడా చూపించండి," అంది. "ఇప్పుడు చెప్పులు విప్పి గోడకి ఆనుకోండి."

ఈసారి ఆయన గోడకి ఆనుకున్నాడు. తాపీమేస్త్రులు వాడే రసమట్టం ఇచ్చి, తొడల మధ్య పైకంటా పట్టుకోమంది. బుడగ మధ్యకి వచ్చేదాకా సర్దించి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి, అక్కడ్నుంచి నేలకి టేపు పెట్టింది. చేతులు చాపించి భుజం నుంచి గుప్పిట దాకా కొలిచింది. ఆకుపచ్చ సైకిలుని స్టాండులో బిగించి ఎక్కించింది. దారానికి నట్టు కట్టి మోకాలిచిప్ప మీంచి వేలాడదీసి, అది పెడలు ఇరుసు మీదికి వచ్చేదాకా సీటుని వేలెడు వెనక్కి, అరవేలెడు ముందుకి జరిపింది. దిగమంది, ఎక్కమంది, మళ్ళీ దిగమంది. ఎక్కడా తొందర లేదు. ఒక్కో బోల్టు బిగించాక దాన్ని వేలితో తడిమి చూసేది. వీరాంజనేయులు అదంతా చూస్తూ, ఔరా, ఇది మా పనే కదా అనుకున్నాడు. కాకపోతే ఈ పిల్ల తన చేతిని నమ్మినంతా నమ్మి, ఆ తర్వాత దారాన్నీ అడుగుతోంది.

"ఇప్పుడు చేతులు రెండూ హ్యాండిలు మీంచి తీసేయండి. తొక్కుతూనే తీయండి."

తీశాడు. పడిపోతాననుకున్నాడు. పడలేదు. నడుము తనంతట తను నిలబడింది.

"చూశారా? చేతులు ఊరికే ఆనించడానికే. మొయ్యడానికి కాదు," అంది నస్రత్, మొహమంతా నవ్వుతో. "ఇదే తీసుకెళ్ళండి. ఆ పెద్దదానికి పొడుగు మనిషి ఎవరన్నా దొరుకుతాడు."

*

గురువారం తెల్లవారుతూనే గొట్టిపాడు బయల్దేరాడు. మిల్లు దాటి ఇంకో ఏడు కిలోమీటర్లు. బరువు సైకిలు ఎదురుగాలికి కూడా నిలకడగా పోయింది. చేతులు హాయిగా ఉన్నాయి. మనసే హాయిగా లేదు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకుంటూ, చెరుపుకుంటూ పోయాడు.

కోటిరత్నం వసారాలో బోరాలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. నడవడానికి సందు లేదు. ఆమె వాటి పక్కనే నేల మీద కూర్చుని ముంతలో టీ తాగుతోంది. ఈయన్ని సైకిలు మీద చూసి లేవలేదు.

"ఏం, ఇంటికొచ్చి కూడా రెండో రకమని చెప్పడానికొచ్చావా?"

"తప్పయిందక్కా," అన్నాడు వీరాంజనేయులు, ఇంకా సైకిలు దిగకుండానే. కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో! "నీ పత్తి మంచిదే. నా వేళ్ళే చచ్చుబడ్డాయి. సరిపడని సైకిలు కొని, ఆ అమ్మాయి వద్దంటున్నా వినకుండా తొక్కి, నరం నలగ్గొట్టుకుని, అదే చేత్తో నీ పింజ లాగాను. నన్ను తిట్టు."

కోటిరత్నం ముంత కింద పెట్టింది. ఆయన చేతుల వంక చూసింది.

"నొప్పా?"

"నొప్పి లేదు. అసలేమీ తెలియడం లేదు."

"అయ్యో," అంది ఆమె. ఆ అయ్యోలో నిజంగానే జాలి ఉంది. కానీ ఆమె వెంటనే గొంతు మార్చింది. "అయితే ఇప్పుడేమంటావ్?"

"మొదటి రకమని రాసిస్తాను. బండి నేనే మాట్లాడతాను. మిల్లుకి పంపించు."

"ఇంట్లో చెప్పింది నాకెందుకయ్యా? కాటా దగ్గర చెప్పావు. పదిమందిలో చెప్పావు. ఊళ్ళో నా మొహం చూసి, ఈ ఏడు కోటిరత్నం పత్తి పోయిందంట అని చెప్పుకుంటున్నారు. నువ్వు చాటుగా వచ్చి తప్పయిందంటే ఆ నోళ్ళు మూతపడతాయా? కాటా దగ్గరే చెప్పు. అక్కడే లాగు."

"లాగలేనక్కా. వేళ్ళు ఇంకా రాలేదు."

"ఎవరో ఒకరు లాగుతార్లే. రేపు పొద్దున్నే వస్తున్నా. నువ్వక్కడ ఉండు."

*

శుక్రవారం కాటా దగ్గర ఐదు ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. మొదటిది కోటిరత్నానిది. అంతకు ముందే శ్రీకృష్ణకి సంగతంతా చెప్పాడు వీరాంజనేయులు. అతను తలుపు వేసి మరీ కోప్పడ్డాడు.

"మతి ఉండే మాట్లాడుతున్నారా? వేళ్ళు తప్పాయని మీ నోటితో మీరే చెబితే రేపట్నుంచి మీ మాట ఎవడు వింటాడు? నేనెందుకు మిమ్మల్ని కూర్చోబెట్టాలి? ఒక మిషను తెప్పించుకుని, మీరు ఇంటికెళ్ళండి అంటే పోతుంది. కోటిరత్నం ఒక్కదానిదీ చడీచప్పుడు లేకుండా మొదటి రకంలో పోయించండి. మంగళవారం వాళ్ళ సంగతి వదిలేయండి. వాళ్ళకేం తెలుసు?"

"నాకు తెలుసుగా," అన్నాడు వీరాంజనేయులు. "మిషను తెప్పించుకుంటానంటే తెప్పించుకోండి బాబూ. ఈ మాట మాత్రం చెప్పకుండా ఉండలేను."

బయటికొచ్చి కాటా అరుగు మీద నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నచోట నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి.

"అందరూ ఒక మాట వినండి," అన్నాడు. "సోమవారం కోటిరత్నం పత్తి రెండో రకమన్నాను. తప్పు. మంగళవారం నలుగురిదీ అలాగే అన్నాను." ఆ నలుగురి పేర్లూ, ఊళ్ళూ ఒక్కొక్కటే చెప్పాడు. "అదీ తప్పే. నా వేళ్ళకి దెబ్బ తగిలింది. పట్టు లేదు. అవి మళ్ళీ వచ్చేదాకా నేను లాగను. ఆ నలుగురి పత్తీ మళ్ళీ చూడాలి, కాగితాలు దిద్దాలి."

శ్రీకృష్ణ గుమ్మంలో నిలబడి వరసలో ఉన్న ఐదు ట్రాక్టర్లనీ, వాటి మీది రైతుల మొహాల్నీ చూశాడు. వ్యాపారస్థుడు కదా, ఆ మొహాలు చదవడం వచ్చు. కాదంటే ఐదూ అప్పటికప్పుడే పక్క మిల్లుకి తిరుగుతాయి.

"దిద్దండి," అన్నాడు ఎటో చూస్తూ.

"మరి ఇప్పుడెవరు లాగుతారు?" అనడిగాడు రెండో ట్రాక్టరు మీది ఆసామి.

వీరాంజనేయులు తన నల్లగుడ్డ తీసి కోటిరత్నం చేతిలో పెట్టాడు.

"నువ్వే లాగక్కా."

"నేనా? నా పత్తి నేనే లాగి నేనే చెప్పుకోవడమా? నవ్వుతారయ్యా!"

"చిన్నప్పట్నుంచీ పత్తిలోనే ఉన్నావు. నీ వేళ్ళకి తెలియదా? నువ్వు ఏది చెబితే అదే."

ఎవరూ నవ్వలేదు. కోటిరత్నం అరుగు ఎక్కింది. ఆయన కూర్చునే చోట కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మోకాలి మీద నల్లగుడ్డ పరిచింది. హమాలీ మొదటి బోరా విప్పాడు. ఆమె చెయ్యి లోపలికంటా దూర్చింది, పైన ఉన్నది తీయలేదు. గింజ ఒలిచే పద్ధతి వేరుగా ఉంది, గోరుతో కాకుండా వేలి మెత్తతో దొర్లించి ఒలిచింది. లాగింది. నల్లగుడ్డ మీద పింజ పొడుగ్గా, దువ్విన జుట్టులా పడింది. వెనక నిలబడిన వీరాంజనేయులు వంగి చూశాడు. కళ్ళు చాలు, ఆ పొడవు చెప్పడానికి.

"మొదటి రకం," అన్నాడు ఎవరో.

"నేను చెప్పాలిగా. ఉండు," అంది కోటిరత్నం.

రెండో బోరా. మూడోది. ఒక్కటి కూడా వదల్లేదు. ఆయనైతే మూడు నాలుగు చూసి మొత్తం చెప్పేవాడు. ఆమె ఇరవైరెండూ విప్పించింది. ఎండెక్కింది. వెనక ట్రాక్టర్ల వాళ్ళు విసుక్కోలేదు, ఒక్కొక్కరే దిగివచ్చి అరుగు చుట్టూ చేరారు. పద్దెనిమిదో బోరా దగ్గర ఆమె చెయ్యి ఆగింది. లాగినదాన్ని చూసి, పడేసి, ఇంకో గుప్పెడు తీసి లాగింది. పంతొమ్మిదో దాంట్లోనూ అంతే. చివరి మూడూ మాత్రం చకచకా లాగేసింది.

లేచి నిలబడి ఆ పద్దెనిమిదో బోరానీ, పంతొమ్మిదో బోరానీ వేరే లాగి పక్కన పెట్టించింది.

"ఇరవై మొదటి రకం. ఈ రెండూ కాలవ పక్క మడిలోవి. నీళ్ళు చాల్లేదు, పింజ కురచయింది. ఇవి రెండో రకమే, వీటిని ఆ గుట్టలో పొయ్యండి," అంది.

వీరాంజనేయులు ఆ రెండు బోరాల్నీ చూశాడు. తన వేళ్ళు బాగున్న రోజున కూడా ఆ రెండూ మంచివాటి మధ్య కలిసి మొదటి రకంలోనే పోయేవి. ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకి తప్ప.

"అక్కా, అవి కూడా వేసేద్దాంలే," అన్నాడు మెల్లగా.

"ఎందుకేస్తావ్?" అంది కోటిరత్నం, నల్లగుడ్డ దులిపి ఆయన చేతికిస్తూ. "రేపు నీ వేళ్ళొచ్చాక, కోటిరత్నం చెప్పిందంటే చాలని నువ్వు మళ్ళీ లాగకుండా వదిలెయ్యాలిగా."

ఆమె అరుగు దిగి వెళ్ళి ట్రాక్టరు చక్రం పక్కన నిలబడింది. రెండో ట్రాక్టరు ఆసామి తన బోరా ఒకటి భుజాన వేసుకొచ్చి అరుగు మీద దించాడు. ఒక్క క్షణం వీరాంజనేయుల్నీ, ఒక్క క్షణం ఆ చోటునీ చూశాడు. తర్వాత తనే కూర్చుని, చెయ్యి చాపి, నల్లగుడ్డ ఇమ్మన్నాడు.